ఏ కొల్లూరు?

1983లో విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేరినప్పుడు నన్ను కూర్చోబెట్టిన సీటు 197. అంటే డైరెక్టరీ ఎంక్వైరీ. చెవులకి హెడ్‌సెట్, ముందు లావుపాటి డైరెక్టరీ, పక్కన కొత్త కనెక్షన్ల కాగితాల కట్ట. అవతలివాళ్ళు మనిషి పేరు చెప్తారు, మనం నంబరు చెప్పాలి. ఇంతే కదా అనుకున్నాను. మొదటి గంటలో వచ్చిన ఫోను ఇప్పటికీ గుర్తు.

"సుబ్బారావుగారి నంబరు కావాలమ్మా."

"ఇంటిపేరు చెప్పండి."

"ఇంటిపేరా... అది తెలీదు గానీ, చాలా మంచాయన. సత్యనారాయణపురంలో ఉంటారు."

మంచి సుబ్బారావులని విడిగా అచ్చువేసే పద్ధతి మా డైరెక్టరీలో లేదు. చెమటలు పట్టి పేజీలు తిప్పుతుంటే పక్క సీటులో ఉన్న సీనియరు చెయ్యి అడ్డం పెట్టి, "ఇంటిపేరు లేకుండా వెతకడం నంబరు చెప్పడం కాదమ్మాయ్, సోది చెప్పడం" అంది.

నిజానికి ఇంటిపేరు చెప్పినా సుఖం ఉండేది కాదు. ఫారాలు ఇంగ్లీషు పద్ధతివి. ఇంగ్లీషువాడికి ఇంటిపేరు చివర ఉంటుంది, మనకేమో మొదట. దాంతో కొందరు చివరి ముక్కే ఇంటిపేరనుకుని 'రావు' కింద, 'మూర్తి' కింద, 'శాస్త్రి' కింద చేరిపోయేవాళ్ళు. రావు ఇంటిపేరు కాదని మనకి తెలుసు, ఫారానికి తెలీదు. 'రావు కె.వి.' అనే పేరు వరసగా ఎన్నిసార్లు వచ్చేదో! అందులో కె అంటే కొల్లూరా, కొమ్మూరా, కోటా, కాకర్లా అన్నది ఆ రావుగారికీ భగవంతుడికీ తెలియాలి.

మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన ఒకావిడ మాతో పనిచేసేది. ఆవిడ పేరు ముందు ఒక్కటే ఇనిషియల్, అది వాళ్ళ నాన్న పేరు. ఇంటిపేరు అసలు లేదు. మేం జాలిపడితే ఆవిడ నవ్వింది. పేరు చివర కులం తోక తీసెయ్యాలని 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభలో తీర్మానం చేశారట, వాళ్ళ తాతగారు తోక తీసేసినవాళ్ళలో ఒకరట. "మీరింకా ఇంటిపేరు అడిగి నంబరు ఇస్తారు, మా వూళ్ళో అడిగితే తిడతారు" అనేది.

చాలా ఏళ్ళ తరవాత తెలిసింది, ఐస్‌లాండ్‌లో టెలిఫోన్ డైరెక్టరీ సొంత పేర్ల వరసలోనే అచ్చు వేసేవాళ్ళని. అక్కడ మనలాంటి ఇంటిపేరు చాలామందికి ఉండదు. తండ్రి పేరుకి కొడుకైతే 'సోన్', కూతురైతే 'దోత్తిర్' తగిలిస్తారు. 1980లో అక్కడ దేశాధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ అంటే ఫిన్‌బోగి కూతురు విగ్దిస్, అంతే. మొగుడూ పెళ్ళాం, కొడుకూ కూతురూ కలిసి నలుగురున్న ఇంట్లో నాలుగు చివరి పేర్లు ఉండొచ్చు. ఆ దేశంలో 197 సీటులో కూర్చున్న అమ్మాయిని తలుచుకుని ఆ రోజు చాలాసేపు నవ్వుకున్నాను.

నా మటుకు ఇంటిపేరు విలువ ఉద్యోగంలో నేర్చుకున్నది కాదు. అది తాతయ్య పెట్టిన పిచ్చి.

మాది పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి దగ్గర పల్లెటూరు. పుట్టింటి పేరు కొల్లూరి. తాతయ్య ఎలిమెంటరీ స్కూల్ మేష్టారు. సాయంత్రం అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, దారిన పోయే కొత్త మనిషిని ఆపి మరీ "తమరి ఇంటిపేరు?" అని అడిగేవారు. ఆ మనిషి చెప్పగానే "అయితే మీ పూర్వులు ఫలానా వూరివాళ్ళయ్యుంటారు" అని ఆయనకి తెలియని చరిత్ర ఆయనకే చెప్పి పంపేవారు. సగం నిజం, సగం పక్కనున్న మజ్జిగ గ్లాసు మహిమ.

మా గురించి మాత్రం మజ్జిగ లేకుండానే చెప్పేవారు. "మనది వజ్రాల కొల్లూరు. కోహినూరు దొరికిన చోటు. ఫ్రాన్సు నుంచి టావెర్నియే అనే వర్తకుడు వచ్చి చూసి, గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకుపోయాడు. ఆ కొల్లూరు మనది." అప్పుడు మా ఇంట్లో ఉన్న వజ్రాలు నాన్నమ్మ ముక్కుపుడకలో రాళ్ళే, అవి కూడా రంగురాళ్ళని తరవాత తేలింది.

క్లాసులో తాతయ్య హాజరు పిలుస్తుంటే చూడాలి. ఒకే బెంచీ మీద ఇంటిపేరు పులి ఉన్నవాడూ, ఇంటిపేరు పిల్లి ఉన్నవాడూ కూర్చునేవాళ్ళు. "పులిని పిల్లి గిల్లింది మేష్టారూ" అని వెనక బెంచీ నుంచి అరిచేవాళ్ళు. వంకాయలవాడు ఒకడు, మిరియాలవాడు ఒకడు, గుర్రంవాళ్ళ పిల్ల ఒకత్తి. ఏడిపిస్తే ఏడ్చేవాళ్ళు గానీ, ఎవరూ ఇంటిపేరు మార్చుకుంటామని అనేవాళ్ళు కాదు.

ఔపవిభక్తికాలు, అంటే మాట చివర వచ్చి చేరే ఇ, టి, తి, కూడా ఆయన ఇంటిపేర్లతోనే చెప్పారు. "ఊరు అంటే ఊరు. ఊరి అంటే ఊరికి చెందిన. కందుకూరు ఊరు, కందుకూరి వీరేశలింగంగారి ఇంటిపేరు. టంగుటూరు ఊరు, టంగుటూరి ప్రకాశంగారి ఇంటిపేరు. పాడు పాటి అవుతుంది, నాడు నాటి అయినట్టు. నెయ్యి నేతి అవుతుంది, అందుకే నేతివారున్నారు." ఒకడు లేచి "మరి ఇల్లో మేష్టారూ?" అన్నాడు. తాతయ్య బెత్తం బల్ల మీద పెట్టి, "ఇల్లు ఇంటి అవుతుంది. అందుకే దాన్ని ఇంటిపేరు అన్నారు, ఇల్లుపేరు అనలేదు" అన్నారు. ఆ ఒక్క 'ఇ'లో ఉన్న సంగతి అప్పుడు మాకెవరికీ ఎక్కలేదు. నాకు ఎక్కడానికి ఇరవయ్యేళ్ళ పైనే పట్టింది.

1986లో పెళ్ళయింది. అత్తవారి ఇంటిపేరు పప్పు. సంబంధం ఖాయమైన రోజున మా అన్నయ్య, "వజ్రాల కొల్లూరి పిల్ల పప్పులో పడింది" అన్నాడు. తాతయ్యకి కోపం వచ్చింది గానీ నవ్వు ఆపుకోలేకపోయారు. మావగారు మాత్రం పప్పు విషయంలో బహు పట్టుదల మనిషి. వాళ్ళ పూర్వీకులు ఎవరో కరువులో ఊరందరికీ పప్పూ అన్నం పెట్టారని ఆయన కథ. "కూర లేని ఇల్లుందేమో గానీ, పప్పు లేని ఇల్లుందా అమ్మాయ్?" అనేవారు. ఆ మాటకి ఎదురు లేదు.

ఆఫీసులో పేరు మార్పుకి కాగితాలు పెట్టమన్నారు. సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో కొల్లూరి మీద అడ్డగీత కొట్టి పైన పప్పు రాశారు. ఇంటిపేరు మారడానికి మనలో దారులు రెండే, ఆడపిల్లకి పెళ్ళి, మగపిల్లాడికి దత్తత. పూడిపెద్ది వారింట్లో పుట్టిన పిల్లవాడు శ్రీరంగం వారికి దత్తు వెళ్ళబట్టి ఆయన శ్రీశ్రీ అయ్యాడు. దత్తత లేకపోతే తెలుగు కవిత్వానికి ఏం పేరు వచ్చి ఉండేదో! మగవాళ్ళకి అది నూటికో కోటికో. మాకు అందరికీ. ఎర్ర గీత చూసి నాకేం ఏడుపు రాలేదు గానీ, క్లర్కు గీత కొట్టేటప్పుడు స్కేలు పెట్టకుండా వంకరగా కొట్టాడని మాత్రం చాలా రోజులు కోపంగా ఉండేది.

ఇంటిపేరులో ఇంకో ముఖం కూడా ఆ రోజుల్లోనే చూశాను. పెళ్ళయ్యాక అద్దె ఇంటికి వెతుకుతుంటే ఒక ఇంటాయన "ఇంటిపేరేంటండీ?" అని తేనెలా అడిగాడు. నన్ను చూసి, "అమ్మాయిగారిదో?" అన్నాడు. కొల్లూరి అన్నాను. ఆయన మొహంలో లెక్క తెగలేదు. ఊరిపేరు మీద వచ్చిన ఇంటిపేరు కదా, ఆ ఊరు వదిలివచ్చిన ఏ కులంవాళ్ళకైనా ఉంటుంది. "ఏ కొల్లూరి?" అన్నాడు. మా ఆయన "వజ్రాల కొల్లూరండీ" అని లేచాడు. ఆ ఇల్లు మేం తీసుకోలేదు. ఇంటిపేరు అడగడం అంటే చాలాచోట్ల కులం అడగడానికి వేసుకున్న జరీ కండువా. తాతయ్య అరుగు మీద అడిగినదాంట్లో కూడా అది కొంత ఉండే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో అనిపించలేదు.

ఏ కొల్లూరి అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే కొల్లూరులు చాలా ఉన్నాయి. వజ్రాల కొల్లూరు పల్నాడులో కృష్ణ ఒడ్డున. తెనాలి అవతల డెల్టాలో ఇంకో కొల్లూరు, దాన్ని ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిపారు. హైదరాబాదు పక్కన ఒకటి. మూకాంబికమ్మ ఉన్న కొల్లూరు కర్ణాటకలో. తాతయ్య పోయాక, 1998లో అన్నయ్యా నేనూ తెనాలి దగ్గర పెళ్ళికి వెళ్ళి, పక్కనే కదా అని డెల్టా కొల్లూరు బస్సెక్కాం. అరటి తోటలు, పసుపు చేలు, కాలవలు. సెంటర్లో దిగి టీ కొట్టు ఆయన్ని అన్నయ్య అడిగాడు.

"కొల్లూరివారి ఇళ్ళు ఎటండీ?"

ఆయన గ్లాసులు కడుగుతున్నవాడల్లా తలెత్తి, "ఇది కొల్లూరేనండి. అన్నీ కొల్లూరువాళ్ళ ఇళ్ళే" అన్నాడు.

"అలా కాదండీ, కొల్లూరి అని ఇంటిపేరు ఉన్నవాళ్ళు."

బెంచీ మీద చుట్ట కాలుస్తున్న పెద్దాయన ఒకాయన కలగజేసుకున్నాడు. "ఈ వూళ్ళో ఆ ఇంటిపేరు ఎందుకుంటుందయ్యా? ఇక్కడున్నవాణ్ణి పట్టుకుని కొల్లూరివాడా అని ఎవడు పిలుస్తాడు? ఇక్కణ్ణుంచి పోయినవాణ్ణి, పోయిన చోట పిలుస్తారు."

టీ చల్లారిపోయింది. తాతయ్య బల్ల మీద పెట్టిన బెత్తం గుర్తొచ్చింది. ఊరు ఊరిగా మారే ఆ చిన్న 'ఇ', ఊరు దాటినవాడికే తగులుతుంది. మా పూర్వీకుడెవరో మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని కృష్ణ దాటి అత్తిలి వైపు వచ్చి ఉంటాడు. అక్కడివాళ్ళు "ఎవరాయన?" అంటే "కొల్లూరాయన" అని ఉంటారు. ఆయన తనకు తాను పెట్టుకున్న పేరు కాదు, చూసినవాళ్ళు పెట్టింది. తను పుట్టిన ఊళ్ళో ఉండగా ఆయనకి ఏ ఇంటిపేరు ఉండేదో!

ఇలా ఆలోచించడం మొదలుపెడితే తెలిసినవాళ్ళందరూ ఊరు వదిలినవాళ్ళే. ఇంటిపేరుతోనే మనం పిలుచుకునే ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, ఘంటసాలలో కాదు. ఎన్టీ రామారావుగారు పుట్టింది నిమ్మకూరులో, ఇంటిపేరు నందమూరి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణి వైపు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, తమిళదేశంలోనే పోయారు. ఇంటిపేరు మాత్రం కాకర్ల. కాకర్ల పాత ప్రకాశం జిల్లాలో ఉంది. కావేరి ఒడ్డున ఆయన తంబురా పట్టుకుని ఊరేగుతుంటే వెనకాల ఓ తెలుగు పల్లెటూరు నడుస్తున్నట్టే కదా.

అన్నయ్య ఒప్పుకోలేదనుకోండి. "మనది ఇది కాదు, వజ్రాలదే" అని బస్సులో తిరిగొచ్చేదాకా వాదించాడు. ఆ కొల్లూరుకి వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిపాం. ఈలోపు పులిచింతల ప్రాజెక్టు కట్టారు, ఆ కొల్లూరు నీళ్ళ కింద పడింది. ఇప్పుడు అది మాదే అన్నా కాదన్నా అడిగేవాళ్ళు లేరు.

మా అబ్బాయి 2012లో అమెరికా వెళ్ళాడు. అక్కడ ఇంటిపేరు వెనక్కి పోయింది, పప్పు చివరికొచ్చింది. ఆఫీసులో ఉత్తరాది పిల్లలు వీడి బ్యాడ్జి చూసి ఒకటే నవ్వట. వాళ్ళకి పప్పు అంటే ముద్దుపేరు, పైగా ఈమధ్య తెలివితక్కువ వాడని కూడా అర్థం. "నాన్నా, కూర లేని ఇల్లుందేమో అన్న తాతగారి డైలాగు హిందీలో ఎలా చెప్పాలి?" అని ఫోన్ చేశాడు. వాడి రూమ్మేటు కష్టం ముందు ఇదెంత. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసేశారు, రెండో గడి ఖాళీ. వీసాలో మొదటి పేరు 'ఎఫ్ ఎన్ యు' అని వచ్చింది, అంటే మొదటి పేరు తెలియదని. పాపం బ్యాంకులో, డాక్టరు దగ్గర "మిస్టర్ ఫ్నూ" అని పిలుస్తుంటే లేచి వెళ్ళేవాడు.

మేం వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు నాలో తాతయ్య లేచాడు. వాడి స్నేహితులు ఎవరొచ్చినా పేరుకి అర్థం అడిగేదాన్ని. "అమ్మా, ఇక్కడ అలా అడక్కూడదు" అని వాడు, "అడగనీరా, నేర్చుకుంటోంది" అని మా ఆయన. అలా తెలిసిందే, కొరియాలో ఐదుగురిలో ఒకరు కిమ్ అని. మరి కిమ్‌కీ కిమ్‌కీ తేడా ఎలా అంటే, ఏ ఊరి కిమ్ అన్నదాన్ని బట్టి అని ఆ అమ్మాయి చెప్పింది. పేరూ ఊరూ రెండూ ఒకటైతే పెళ్ళి చేసుకోకూడదని చట్టమే ఉండేదట, 1997లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసిందట. 'ఏ కొల్లూరి' అన్న ప్రశ్నకి చట్టం కూడా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. జపాన్‌లో ఇంటిపేరు మనలాగే ముందుంటుంది, తనకా అంటే పొలం మధ్య అని అర్థం. వినగానే మా అత్తిలి వరి చేలు కనపడ్డాయి. అక్కడ మామూలు జనమంతా ఇంటిపేరు పెట్టుకుని తీరాలన్నది 1875 నాటి ఆజ్ఞ.

టర్కీలో అయితే 1934లో చట్టం చేసి, అందరూ ఇంటిపేరు ఎంచుకోండని గడువు పెట్టారు. ముస్తఫా కెమాల్‌కి అతాతుర్క్ అన్న పేరు వచ్చింది ఆ ఏడే, వాళ్ళ పార్లమెంటు ఇచ్చింది. తాతయ్య గనక ఆ వరసలో నిలబడి ఉంటే ఏం రాయించేవారో మాకందరికీ తెలుసు. వజ్రాల.

ఆ ఇంట్లో కలిసినవాళ్ళలో నాకు బాగా గుర్తుండిపోయినతను దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి వచ్చిన నాయుడు. వాళ్ళు 'నాయిడూ' అని రాస్తారు, అలాగే పలుకుతాడు. తెలుగు రాదు, 'అమ్మమ్మ', 'చారు' అన్న మాటలు వచ్చు. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరింది, చెరకు తోటల కూలీల మొదటి ఓడ అది. వాళ్ళ ముత్తాతలు ఆ తరవాత ఓడల్లో వెళ్ళినవాళ్ళు. ఓడ రిజిస్టరు నకలు ఫోన్లో చూపించాడు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. గళ్ళు గీసి వరసగా ఉన్నాయి. నేను 197 కళ్ళతో రెండుసార్లు వెతికాను. ఇంటిపేరుకి గడి లేదు. "మీ ఇంటిపేరు నాయుడు కాదు బాబూ, దాని ముందు ఇంకోటి ఉండుండాలి" అన్నాను. మా అబ్బాయి ఇంగ్లీషులో చెప్పాడు. అతను కాసేపు ఫోన్ కేసి చూసి, "అది రేవులోనే ఉండిపోయిందేమో ఆంటీ" అన్నాడు. నోరు మూసుకుని అతని కంచంలో ఇంకో గారె వేశాను.

ఆ ప్రయాణంలోనే వాళ్ళ వంటింట్లో నా గిన్నె కనిపించింది.

నా పెళ్ళికి సామాన్లు కొన్న రోజు చెప్పాలి. తణుకులో స్టీలు కొట్టు ముందు గోనె పరుచుకుని పేర్లు వేసే అతను కూర్చునేవాడు. మిషన్లు ఇంకా అక్కడికి రాలేదు. చిన్న సుత్తి, సన్నటి ఉలి. గిన్నె బోర్లించి ఒళ్ళో పెట్టుకుని, చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే అక్షరం వచ్చేది. టిక్ టిక్ టిక్ టిక్. అక్షరానికి ఇంత అని లెక్క. "ఏం పేరు వెయ్యాలమ్మా?" అన్నాడు. అమ్మ నా కేసి చూసింది. పెళ్ళికి ఇంకా పదిహేను రోజులుంది. నాన్న "అత్తారి పేరు వేయించండి, వాళ్ళింటికి వెళ్ళే సామాను కదా" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలా వద్దా?" అంది. అమ్మ వాడే ఇత్తడి బిందె మీద కూడా మా ఇంటిపేరు ఉండేది కాదు, వాళ్ళ పుట్టింటి పేరే. చివరికి డబ్బులు లెక్క చూసుకుని, పొడుగు పేరు వద్దని, అన్నిటి మీదా 'కొ' అని ఒక్క అక్షరం, పక్కన నా పేరులో మొదటి అక్షరం వేయించారు. 'కొ'కి ఒత్వం కొట్టేటప్పుడు అతను నాలిక బయటపెట్టి పళ్ళతో నొక్కుకోవడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

అబ్బాయి అమెరికా వెళ్తున్నప్పుడు పెట్టె బరువు చూసుకుని, పాలు కాచుకోవడానికని ఆ గిన్నె ఒకటి పెట్టాను. మర్చిపోయాను కూడా. ఇప్పుడు దాని అడుగు నల్లబడి, అంచు ఒకచోట సొట్టపడి ఉంది. చుక్కలు కొంచెం అరిగాయి. మా మనవరాలికి ఏడేళ్ళు, ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తోంది. గుణింతాల దగ్గర ఉంది. ఒకరోజు గిన్నె తిరగేసి వేలితో తడుముతూ, "నాన్నమ్మా, దీని మీద 'కొ' ఉంది. మనం 'ప' కదా?" అంది.

చెప్పాను. ఎంత అర్థమైందో తెలీదు. కృష్ణ దాకా విని, "రివరా?" అని, కథ గోదావరి దగ్గరికి వచ్చేసరికి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. కానీ ఆ రోజు నుంచి వాళ్ళింట్లో దానికి పేరొచ్చింది. మొన్న వీడియో కాల్‌లో వెనకనుంచి వినపడింది, "అమ్మా, నా మ్యాగీ కొ గిన్నెలో చెయ్యి."

పప్పు కూడా అందులోనే వండుతున్నారట.